తిమ్మప్ప కదలలేదు

2006 వానాకాలంలో వనపర్తిలో ఒక ధర్మసంస్థ నడిపే కంటి ఆసుపత్రిలో నేను సీనియర్ సర్జన్‌గా చేరాను. సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు; రోగి, ఇంటివాళ్ల పేర్లు మార్చాను. నా కింద ఇద్దరు జూనియర్ డాక్టర్లు ఉండేవారు. ఆపరేషన్ థియేటర్ బాధ్యతంతా ఖాజా మియాది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ చుట్టుపక్కల ఊళ్లలో శిబిరాలు పెట్టడం, శుక్లాలు ఉన్నవాళ్లను బస్సులో తీసుకురావడం, ఆపరేషన్ చేసి మళ్లీ బస్సులో దింపడం మా పని. ఆ ప్రాంతంలో అదే పని చేసే సంస్థలు ఇంకా కొన్ని ఉండేవి. శిబిరానికి ఎన్ని కళ్లు చేశారన్నదే అందరికీ గొప్ప. ఎన్ని కళ్లు చెడ్డాయని అడిగేవాళ్లు తక్కువ.

ఈ వృత్తి తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. శుక్లమంటే కంటిలోపల పుట్టుకతో ఉన్న లెన్సు మసకబారడం. ఆ లెన్సు ముందు రంగు తెర ఒకటి ఉంటుంది. మేం దాన్ని ఐరిస్ అంటాం. తెర మధ్యలోని నల్లటి రంధ్రమే పాప. చుక్కల మందు వేస్తే తెర పక్కలకు ముడుచుకుని పాప పెద్దదవుతుంది. ఆ దారిలోనే మేం లెన్సును చేరతాం. తెర సరిగా ముడుచుకోకపోయినా, మధ్యలో వదులై కోత దగ్గరికి కొట్టుకొచ్చినా సర్జన్‌కు కష్టకాలం మొదలైనట్టే. తెర చిరుగుతుంది, వెనక లెన్సును పట్టి ఉంచే సంచి పగులుతుంది, లోపలి జిగురు బయటికి వస్తుంది. ఆ తర్వాత కన్ను నిలవడం అదృష్టం.

తిమ్మప్పను ఆ సంవత్సరమే చూశాను. గద్వాలలో చీరలు నేసే మనిషి, వయసు అరవై దాటింది. భార్య ఈరమ్మ, కొడుకు రాఘవేంద్ర, కోడలు వెంట వచ్చారు. కుర్చీలో కూర్చోగానే చేతిసంచిలోంచి మెత్తటి నూలు పట్టీలు రెండు తీసి నా బల్ల మీద పెట్టాడు. ఏమిటివి అని అడిగాను.

"కట్టెయ్యనీకి సారూ. ఆపరేషన్ చేసేటప్పుడు నా తలకాయ బల్లకు కట్టెయ్యుండ్రి. చేతులు గూడ కట్టుండ్రి. నేను కదుల్త. నాకు తెల్వకుండనే కదుల్త."

ఈరమ్మ వెంటనే అందుకుంది. "కట్టేసినా కదుల్తడు సారూ ఈయన. యాభై ఏండ్లు మగ్గం ఆడిచ్చిన కాళ్లు చేతులు, ఊకుంటయా?"

సంగతి ఇది. రెండేళ్ల కిందట తిమ్మప్ప నాగర్‌కర్నూల్ దగ్గర కూతురింటికి వెళ్లాడు. అక్కడ ఒక శిబిరం పెడితే కుడికంటికి ఆపరేషన్ చేయించుకున్నాడు. గంట సేపటి తర్వాత సర్జన్ బయటికి వచ్చి, "మీవాడు కదిలాడు, అందుకే కన్ను చెడింది" అని ఇంటివాళ్లకు చెప్పి లోపలికి వెళ్లిపోయాడు. ఆ ఒక్క మాటతో ఆ కేసు ఆయనకు ముగిసింది. ఇంట్లో మాత్రం అక్కడే మొదలైంది.

గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ కలిసే చోట పోగుకు పోగు మెలేసి నేయాలి. ఒక్క పోగు తప్పితే అంచు విడిపోతుంది. కుడికన్ను పోయి, ఎడమకంటికి శుక్లం ముదిరిన మనిషికి ఆ పని ఎవరూ ఇవ్వరు. తిమ్మప్ప తన కొడుకు నేసే మగ్గం పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టే స్థితికి వచ్చాడు. అదీ తడుముకుంటూ. దానికి తోడు తన కన్ను తనే పోగొట్టుకున్నాడన్న పేరు.

"మా వాడకట్టుల ఈయన పేరు 'కదిలిన తిమ్మప్ప' సారూ," అన్నాడు రాఘవేంద్ర. వెక్కిరింత కాదు, విసుగు. "గింత ఓపిక పట్టి పండుకోరాదా అని ఎన్నిసార్లు అన్నమో. ఇగ ఈ కన్ను గూడ గట్లనే చేసుకుంటడని మాకు పరేషాన్. అసలు ఆపరేషనే వద్దన్న నేను."

నాకు అప్పుడే కోపం మొదలైంది. 'రోగి కదిలాడు' అనే మాట అప్పటికి నేను చాలా థియేటర్లలో విన్నాను. ఆపరేషన్‌కు ముందు కంటి వెనక సూదితో మత్తుమందు ఇస్తాం. అది పట్టిందంటే ఆ కంటిని తిప్పడం రోగి వల్ల కాదు. తల కదలొచ్చు, దగ్గు రావచ్చు, నిజమే. కానీ అట్లా జరిగితే సర్జన్ ఒక క్షణం ఆగుతాడు, చేతులు తీస్తాడు, మళ్లీ మొదలుపెడతాడు. కదిలినవాళ్లందరి కళ్లూ పోతే ఈ దేశంలో సగంమందికి చూపుండేది కాదు.

ముందు కుడికన్ను పరీక్షించాను. వెలుగు, చీకటి తప్ప ఏమీ తెలియడం లేదు. పాప గుండ్రంగా లేదు, కోత వైపు కన్నీటి బొట్టులా సాగిపోయి ఉంది. ఐరిస్ అంచు పీచులు పీచులుగా లేచింది. ఒకసారి అదాటున చిరిగిన తెర అట్లా ఉండదు. మళ్లీ మళ్లీ కోతలోంచి బయటికి వచ్చి, మళ్లీ మళ్లీ లోపలికి నెట్టించుకున్న తెర అది. తర్వాత ఎడమకంట్లో చుక్కలు వేయించాను. ఎంతసేపు చూసినా పాప సగానికి మించి తెరుచుకోలేదు. షుగరు లేదు, పాత దెబ్బ లేదు, తెర లెన్సుకు అతుక్కున్నదీ లేదు. మరి ఎందుకు తెరుచుకోదు?

ప్రోస్టేటు గ్రంథి వాచి మూత్రానికి ఇబ్బంది పడే మగవాళ్లకు టామ్సులోసిన్ అనే గోలి ఇస్తారు. ఆ గోలి వాడేవాళ్లలో కొందరికి ఐరిస్ బలం కోల్పోయి తడిగుడ్డలా వదులవుతుందని, శుక్లం ఆపరేషన్‌లో రెపరెపలాడి కోతలోకి కొట్టుకొస్తుందని అప్పుడప్పుడే మా వృత్తి పత్రికల్లో వస్తోంది. నేను చదివి గుర్తు పెట్టుకున్నాను. మందులేమైనా వాడుతున్నావా అని తిమ్మప్పను అడిగాను. "ఏం లేవు సారూ" అన్నాడు. భార్య కూడా లేవంది. కోడలు తల అడ్డంగా ఊపింది.

మన శిబిరాల్లో రోగిని ప్రశ్నలడిగే పద్ధతి చూడాలి. వరసలో నిలబెట్టి, ఒక కార్యకర్త గొంతెత్తి, "బీపీ ఉందా, షుగర్ ఉందా, మందులేమన్న తింటున్నవా?" అని అరుస్తాడు. ముందు ఇరుగుపొరుగు ఆడవాళ్లు, వెనక కోడలు. అక్కడ నిలబడి ఏ పెద్దమనిషి తన మూత్రం సంగతి చెప్పుకుంటాడు? ఆ జవాబును తెచ్చి మేం జవాబు అనుకుంటాం.

ఖాజా మియాను పిలిచి, ఇంటివాళ్లకు చాయ్ ఇప్పించమన్నాను. నా ఉద్దేశం ఆయనకు అర్థమైంది. "రాండి అమ్మా, మా క్యాంటీన్ల చాయ్ మంచిగ లేకుంటే నన్ను తిట్టుండ్రి" అంటూ అందర్నీ తీసుకుపోయాడు. తలుపు వేసి, తిమ్మప్పను మళ్లీ అడిగాను. రాత్రిళ్లు ఎన్నిసార్లు లేస్తావని అడిగాను.

మూసిన తలుపు వైపు ఒకసారి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. "మొదటి ఆపరేషన్ కంటె ముంగటి సంది ఉన్నది సారూ గా బాధ. కర్నూల్ల ఒక డాక్టర్ గోలి రాసిండు. దినాం ఒకటి మింగుత. మగ్గం గుంతల గూడు ఉంటది, అండ్ల పెట్టుకుంట. మా ముసల్దానికి గూడ తెల్వదు. కోడలు ముందల గదేం ముచ్చట సారూ?"

గోలీల పట్టీ జేబులోనే ఉంది. టామ్సులోసినే.

నేను ఆయనకు అర్థమయ్యేటట్టు చెప్పాను. ఆ కన్ను నీ వల్ల పోలేదు, ఈ గోలి వల్ల లోపలి తెర వదులైంది, అప్పట్లో ఈ సంగతి డాక్టర్లకూ తెలియదు అన్నాను. అతడు నమ్మలేదు. "మీరు నా మనసుకు ధైర్యం చెప్తుండ్రు" అన్నాడు. ఇంటివాళ్లకు నేనే చెప్తానన్నాను. గాబరాపడి నా చెయ్యి పట్టుకున్నాడు. "గోలి ఉన్నదని చెప్పుండ్రి సారూ. దేనికి గోలి అన్నది మాత్రం చెప్పకుండ్రి." సరేనన్నాను. రోగి రహస్యం రోగిది.

ఇక ఆపరేషన్ సంగతి. ఒంటికన్ను రోగి కాబట్టి హైదరాబాద్ పంపేయమని మా మేనేజర్ సలహా ఇచ్చాడు. ఏదైనా అయితే సంస్థకు చెడ్డపేరని ఆయన భయం. పంపితే వాళ్లు పోరని నాకు తెలుసు. కొడుకే వద్దంటున్నాడు. గద్వాలకు బస్సెక్కి, ఆ మనిషి కండెల ముందు కూర్చుని పూర్తిగా గుడ్డివాడవుతాడు. నేనే చేస్తానన్నాను, కొడుకును ఒప్పించాను.

గోలి ఆపించలేదు. ఆపినా ఐరిస్ వెంటనే బలపడదు. పైగా పాప పెద్దదవడానికి అట్రోపిన్ లాంటి గట్టి చుక్కలు వేసి, గోలి కూడా ఆపితే మూత్రం బిగుసుకుపోయి అర్ధరాత్రి ట్యూబు వేయవలసి వస్తుంది. కంటి డాక్టరు కంటిని మాత్రమే చూస్తే జరిగే తప్పు అది. చిన్న పాపను పరికరంతో సాగదీయడం మాకు అలవాటైన ఉపాయం. ఈ రకం ఐరిస్‌కు అదీ పనికిరాదు. రబ్బరులా సాగి మళ్లీ దగ్గరికి వస్తుంది, ఇంకా వదులవుతుంది. దీనికి కావలసినవి సన్నటి నైలాను కొక్కేలు. కంటి అంచున నాలుగు చిన్న గాట్లు పెట్టి, వాటిలోంచి కొక్కేలు పంపి ఐరిస్‌ను నాలుగు వైపులా లాగి పట్టాలి. అవి మా దగ్గర లేవు. హైదరాబాద్‌లో నాతో చదివిన మిత్రుడిని అడిగి తెప్పించాను. నిల్వ మందు కలపని అడ్రినలిన్‌ను బాగా పలచన చేసి లోపలికి ఎక్కించడానికి సిద్ధం చేసుకున్నాను. ఐరిస్‌కు కాస్త బిగువు వస్తుంది.

ఇంకొక పని కూడా చేశాను. జూనియర్ల శిక్షణ కోసం మా మైక్రోస్కోపుకు చిన్న టీవీ ఒకటి తగిలించి, థియేటర్ పక్క గదిలో పెట్టాం. తిమ్మప్ప ఒప్పుకున్నాక రాఘవేంద్రను ఆ టీవీ ముందు కూర్చోబెట్టమని ఖాజాతో చెప్పాను. ఆ గది తలుపు అద్దంలోంచి బల్ల మీది రోగి కాళ్లు కనిపిస్తాయి.

నూలు పట్టీలు వాడలేదు. తిమ్మప్ప అడిగాడు, నేను వద్దన్నాను. మత్తు పట్టాక మొదలుపెట్టాను. కోతను మామూలుకంటే పొడుగాటి సొరంగంలా తీసుకున్నాను. బయటికి దారి ఎంత పొడుగుంటే ఐరిస్ అంత తేలిగ్గా రాలేదు. కొక్కేలు వేశాను. లెన్సు మీది పల్చటి పొరను గుండ్రంగా చించాను. నీళ్లు చాలా నెమ్మదిగా ఎక్కించి గట్టిపడ్డ లెన్సును వదులు చేసి ముందుకు తెచ్చాను. అంతవరకు బాగానే ఉంది. లెన్సు బయటికి రావాలంటే కొక్కేలు సడలించాలి. సడలించగానే పత్రికలో చదివింది కళ్ల ముందు కనిపించింది. దండెం మీద ఆరేసిన పల్చటి గుడ్డ గాలికి ఉబ్బినట్టు ఐరిస్ ఉబ్బింది. లెన్సు వెంటే సొరంగంలోకి వచ్చి, కోత అంచున గోధుమరంగు బుడగలా నిలిచింది.

పక్క గదిలో కుర్చీ కిర్రుమంది. రాఘవేంద్ర గొంతు గట్టిగానే వినిపించింది. "కదిలిండు! మా నాయిన మల్ల కదిలిండు!"

ఖాజా మియా అక్కడే ఉన్నాడు. "యాడ కదిలిండు? గా అద్దంలకెళ్లి చూడు. కాళ్లు చూడు. కట్టె లెక్క పండుకున్నడు నీ నాయిన. ఊపిరన్న తీస్తుండో లేదో అని నాకు ఫికరైతుంది!"

నిజమే. తిమ్మప్ప ఎంత బిగదీసుకుని పడుకున్నాడంటే, ఆక్సిజన్ చూసే యంత్రం గంట కొట్టింది. ఊపిరి తీసుకో తిమ్మప్పా, ఏం కాదు అన్నాను. గుడ్డ కింద నుంచి, "తీస్కుంటే కదుల్తనేమో సారూ" అన్నాడు.

ఇట్లాంటప్పుడు సర్జన్ చేతికి తోచే మొదటి పని ఆ బుడగను లోపలికి నెట్టడం. అదే పెద్ద పొరపాటు. వెనక ఒత్తిడి ఉన్నంతసేపు నెట్టినది నెట్టినట్టే బయటికి వస్తుంది, ప్రతిసారీ కొంత చిరుగుతుంది. కుడికంట్లో నేను చూసిన పీచులు అవే. నేను నీళ్లు ఆపించాను. పక్కనున్న చిన్న గాటు నుంచి లోపలి ద్రవాన్ని కొంచెం వదిలాను. ఒత్తిడి సమమయ్యాక ఐరిస్ దానంతట అదే వెనక్కి జారింది. మిగిలిన కాస్తనూ కోత పైనుంచి పరికరం వీపుతో నిమిరాను. ఇంకో రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ ఇట్లాగే చేశాను. లోపల కృత్రిమ లెన్సు కూర్చుంది. పాప పూర్తిగా గుండ్రం కాదుగాని, సంచి చెక్కుచెదరలేదు.

మర్నాడు కట్టు విప్పితే తిమ్మప్ప గోడ మీది చార్టులో కింది నుంచి మూడో వరస చదివాడు. తర్వాత భార్య వైపు తిరిగి, "చీర అంచు పిగిలింది చూస్కో" అన్నాడు. ఈరమ్మ కొంగు పట్టుకుని చూసుకుంది. నిజంగానే పిగిలింది.

ఆ పూట వార్డులో ఇంటివాళ్లందరికీ చెప్పాను. వాడే ఒక గోలి వల్ల తెర వదులైందని, కుడికంట్లోనూ అదే జరిగిందని, తిమ్మప్ప కదలడం వల్ల కాదని చెప్పాను. ఏం గోలి అని ఈరమ్మ అడిగింది. "నడుమునొప్పిది తియ్" అన్నాడు తిమ్మప్ప. కొడుకు తండ్రి మంచం పట్టీ మీద కూర్చున్నాడు. చివరికి, "నేను చూసిన అమ్మా. నాయిన కదల్లే" అన్నాడు.

ఈరమ్మ నా మీదికే వచ్చింది. "మరి గా సారు ఎందుకు గట్ల చెప్పిండు? రెండేండ్లు మా ఇంట్ల కొట్లాటలే. బువ్వ కాడ గూడ తిట్టిన నేను ఈ మనిషిని. గా పాపం ఎవరిది?"

"ఇడ్సిపెట్టు" అన్నాడు తిమ్మప్ప.

నేను విడిచిపెట్టలేదు. ఆ ఆదివారం బస్సెక్కి నాగర్‌కర్నూల్ వెళ్లి ఆ సర్జన్‌ను ఆయన క్లినిక్‌లోనే కలిశాను. నాకంటే చిన్నవాడు. చేయి మంచిదని పేరున్నవాడు. మర్యాదగా కూర్చోబెట్టాడు. కేసు వివరాలు చెప్పాను. ఆయనకు గుర్తుంది. అప్పట్లో ఈ గోలి సంగతి ఎవరికి తెలుసు సార్ అన్నాడు. ఒప్పుకున్నాను. అది ఆయన తప్పు కాదు. ఆ రోజు ఆ బల్ల దగ్గర నేనున్నా కన్ను పోయేదేమో. అప్పుడు నేనడిగిన ప్రశ్న ఒక్కటే. కారణం నీకు తెలియదు కదా, మరి రోగి కదిలాడని ఎట్లా చెప్పావు?

"బయట అంతమంది నిలబడి అడుగుతుంటే ఏదో ఒకటి చెప్పాలి కదా సార్" అన్నాడు.

ఏదో ఒకటి. దొరికిన ఆ ఏదో ఒకటి, తిరిగి జవాబు చెప్పలేని ముసలాయన నెత్తిన పడింది. గద్వాల వచ్చి, లేదంటే కనీసం ఫోన్‌లో, ఆ ఇంటివాళ్లకు నిజం చెప్పమని అడిగాను. రానన్నాడు. చెప్తే వాళ్లు గొడవకు వస్తారని, శిబిరాల మీద జనానికి నమ్మకం పోతుందని అన్నాడు. ఒక్క కన్ను కోసం ఇన్ని కళ్లకు చేటు చేయమంటారా అని నన్నే అడిగాడు. జనానికి నమ్మకం పోకుండా ఉండాలంటే ఒక మనిషికి తన మీద తనకు నమ్మకం పోవాలా అన్నాను. చాయ్ తాగకుండా లేచి వచ్చాను.

వారం తిరగకముందే ఆ సర్జన్ నుంచి మా సంస్థకు ఫిర్యాదు అందింది. తోటి డాక్టరు పని గురించి రోగుల ఎదుట వ్యాఖ్యానించడం వృత్తి మర్యాద కాదని మేనేజర్ నన్ను పిలిచి మందలించాడు. మా వృత్తిలో ఆ మర్యాద ఉన్న మాట నిజం. అది డాక్టరు పరువును కాపాడుతుంది. రోగి పరువుకు అట్లాంటి మర్యాద ఏదీ లేదు. నేను క్షమాపణ చెప్పలేదు. కొంతకాలం నన్ను శిబిరాలకు పంపలేదు. ఆసుపత్రిలోనే కూర్చుని వచ్చిన కళ్లు చేసుకున్నాను.

ఆ తర్వాత నేను పదవీ విరమణ చేసేదాకా నా విభాగంలో రెండు పద్ధతులు నడిచాయి. మగవాళ్లను మందుల గురించి అడిగే ప్రశ్న వరసలో అడగకూడదు. తలుపు వేసిన గదిలో, ఇంటివాళ్లు లేకుండా, మగ సిబ్బంది అడగాలి. ఎక్కువగా ఖాజా మియానే అడిగేవాడు. గోలి వాడేవాళ్లు అట్లా ఎందరో బయటపడ్డారు. వాళ్లకు కొక్కేలు ముందే సిద్ధంగా ఉండేవి.

రెండోది, ఆపరేషన్‌లో తేడా వస్తే బయటికి వెళ్లి చెప్పవలసింది కత్తి పట్టినవాడే. ఏం జరిగిందో చెప్పాలి. ఎందుకు జరిగిందో తెలిస్తే చెప్పాలి, తెలియకపోతే తెలియదని చెప్పాలి. నా జూనియర్లకు ఐరిస్‌ను వెనక్కి పంపడం కొద్ది నెలల్లో వచ్చేది. నలుగురి ముందు నిలబడి నాకు తెలియదు అనడం కొందరికి ఎన్నేళ్లకూ రాలేదు. అది రానివాళ్లకు నేను ఒంటికన్ను కేసు ఇవ్వలేదు.